గంధపు చామంతికి శీతాకాల రక్షణ

విశ్రాంత ఉద్యోగుల కాలనీలో చామంతులన్నీ చచ్చిపోవడానికి మూలకారణం చామంతుల మీద ప్రేమ. ఈ సంగతి మొదటే చెప్పుకోవడం మంచిది. లేకపోతే తరువాత జరిగినదంతా విన్నవాళ్ళు అది పగ అనుకునే ప్రమాదం ఉంది. రెండో కారణం ప్రొఫెసర్ పేరిందేవి గారి చదువు. మొదటి కారణం ఒక్కటే అయితే మొక్కలు ఎలాగో ఒకలా బతికి ఉండేవి.

ఆ కాలనీ డెల్టాలో, చుట్టూ రొయ్యల చెరువులూ వాటికి ఐసు అందించే ఫ్యాక్టరీలూ ఉన్న ఒక పట్టణం చివర ఉంది. అందులో ఇల్లు కట్టుకోవాలంటే ఏదో ఒక ప్రభుత్వ కొలువులో పదవీ విరమణ చేసి ఉండాలి. అందువల్ల అక్కడ ఏ పనీ ఊరికే జరగదు, తీర్మానం మీద జరుగుతుంది. గేటు దగ్గర వీధికుక్క పిల్లల్ని పెడితే ఆ విషయాన్ని సమావేశంలో నమోదు చేసి, తల్లికుక్క అక్కడ ఉండడానికి సంఘానికి అభ్యంతరం లేదని రాసుకున్న కాలనీ అది. కుక్క ఆ కాగితం కోసం ఎదురుచూడలేదన్న సంగతి ఎవరినీ బాధించలేదు.

పేరిందేవి గారు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవారు. విశ్రాంతి అన్నది జీతానికి సంబంధించిన మాటే. ఎదుటివాళ్ళ వాక్యాల్లో లోపాలు పట్టే పని నుంచి ఆవిడ ఏనాడూ విరమించలేదు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఒక కొత్త చామంతి రకాన్ని సృష్టించడానికి ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. పరిశోధన లక్ష్యం అరచేతి వెడల్పున్న పసుపు పువ్వు. ఫలితంగా వచ్చింది రూపాయి బిళ్ళంత పువ్వు, అప్పుడే అరగదీసిన గంధం రంగుది. తెలుపు కావాలన్నవాళ్ళకు అది పసుపుగా కనిపించింది, పసుపు కావాలన్నవాళ్ళకు తెలుపుగా కనిపించింది. విశ్వవిద్యాలయం దాన్ని విడుదల చెయ్యలేదు. ఆవిడ ఒక పిలకను టిఫిను డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నారు.

అప్పటినుంచి ఏటా చలికాలంలో అది పూస్తుంది. పూలయ్యాక కొమ్మలు కోసి, తల్లిమొక్కను వేసవంతా నీడలో బతికించి, తొలకరికి పిలకలు విడదీసి కొత్త కుండీల్లో పెడతారు. ప్రపంచంలో ఆ రకం ఆవిడ వరండాలో తప్ప ఇంకెక్కడా లేదు. ఈ మాట ఆవిడ ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు. చెప్పుకుంటే, దాన్ని ఇంకెవరూ కోరలేదని కూడా ఒప్పుకోవలసి వస్తుంది కదా.

కార్తీకం మొదట్లో, మొగ్గలు గుండుసూది తలకాయలంత ఉన్న సమయంలో, కాలనీ అధ్యక్షులు, విశ్రాంత తహసీల్దారు గవర్రాజు గారి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మీ చామంతులను శీతాకాలం నుంచి కాపాడుకోండి, అన్నది దాని శీర్షిక. మొక్కను నాలుగు వేళ్ళ ఎత్తుకు కత్తిరించాలి, చల్లని చీకటి గదిలో పెట్టాలి, ఎండుటాకులు కప్పాలి, శీతాకాలం పూర్తిగా ముగిసేదాకా బయటికి తీయరాదు. అది రాసినవాళ్ళ ఊళ్ళో ఆ సమయానికి మోకాలి లోతు మంచు పడుతుందని సందేశంలోని బొమ్మలోనే ఉంది. గవర్రాజు గారు ఆ మంచును దూది అనుకున్నారు. కింద ఎవరి సంతకమూ లేదు. సంతకం లేని ఆదేశాలే అన్నిటికంటే పైనుంచి వస్తాయన్నది ఆయన సర్వీసు నేర్పిన సత్యం. అందుకని ఆ వారంలోనే సమావేశం పెట్టించారు.

సమావేశంలో ఆయన లేచి నిలబడి, కాలనీలో విచ్చలవిడిగా, ఏ రక్షణా లేకుండా, చలికి గురై పూలు పూస్తున్న చామంతుల దుస్థితిని వివరించారు. సదరు మొక్కలను సకాలంలో సంఘం స్వాధీనపరచుకొని, కమ్యూనిటీ హాలు కింద ఉన్న సెల్లారులో భద్రపరచవలెనని ప్రతిపాదించారు. విశ్రాంత కోర్టు సూపరింటెండెంటు కామేశం గారు కార్యదర్శి. ఆయన ముసాయిదా చదివి వినిపించారు.

పేరిందేవి గారి పక్క కుర్చీలో పక్కింటి మంగతాయారు కూర్చుని ఉంది. ఆవిడ భర్త పోస్టుమాస్టరుగా చేసి పోయాడు. సభ్యత్వం ఆవిడకు వచ్చింది గానీ తీర్మానాల మీద గౌరవం రాలేదు.

"చలికాలవంటే చామంతులు పూసే కాలవే కదండీ అక్కయ్యగారూ," అంది మంగతాయారు, గొంతు తగ్గించకుండానే. "ఆ ముక్క లేచి చెప్పెయ్యండి. మీరు చెబితే వింటారు."

ఆ ముక్క చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కాని పేరిందేవి గారికి అది మరీ మొరటు వాదంగా తోచింది. అంతకంటే సున్నితమైన లోపం ఒకటి ముసాయిదాలో అప్పటికే ఆవిడ కంటపడింది. ఆవిడ లేచి, శీతాకాలం అంటే ఏమిటో నిర్వచించకుండా శీతాకాలం గురించి నిబంధన ఎలా చేస్తారని అడిగారు.

గవర్రాజు గారి కళ్ళు చెమర్చాయి. ఇంతకాలం ఆయన వెతుకుతున్న మనిషి ఈవిడే. ఆ క్షణంలోనే పేరిందేవి గారిని సంఘానికి సాంకేతిక సలహాదారుగా ఏకగ్రీవంగా నియమించారు. మంగతాయారు చెయ్యి ఎత్తలేదు గాని, ఏకగ్రీవానికి ఆవిడ చెయ్యి అవసరమని ఎవరూ అనుకోలేదు.

ఆ సాయంత్రం పేరిందేవి గారు కాగితం ముందు పెట్టుకుని చిన్నగా నవ్వుకున్నారు. ఆవిడ ఆలోచన ఇది: గాలి కనిష్ఠ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలకు దిగిన నాడు శీతాకాలం ప్రారంభమైనట్టు, తిరిగి పది డిగ్రీలు దాటిన నాడు ముగిసినట్టు అని రాద్దాం. ఈ ఊళ్ళో ఉష్ణోగ్రత ఐదుకు ఏనాడూ దిగదు. కాబట్టి శీతాకాలం రాదు, కాబట్టి నిబంధన అమలుకు రాదు, కాబట్టి చామంతులు హాయిగా పూస్తాయి. వాదన గుండ్రంగా, అందంగా, అతుకు కనబడకుండా ఉంది. దాని అందం చూసుకుని ఆవిడ మరో సవరణ కూడా చేశారు. ముసాయిదాలో మొక్కలు అని మాత్రమే ఉంది. పిలక మొక్క అవునా కాదా అన్న సందేహం రేపు ఎవరికైనా రావచ్చు. కనుక పిలకలతో సహా అని చేర్చి, అడుగున సంతకం చేసి పంపించారు.

ఆవిడ ఆలోచించనిది ఒక్కటే. కామేశం గారు ముసాయిదాలో మొక్కలను శీతాకాలం రాకముందే సెల్లారులో పెట్టవలెనని రాశారు. శీతాకాలం ముగిసిన తరువాత మాత్రమే బయటికి తీయవలెనని రాశారు. లోపలికి వెళ్ళడానికి శీతాకాలం అక్కర్లేదు. బయటికి రావడానికే కావాలి.

మూడోనాడు ఉదయం కామేశం గారు ఇద్దరు పనివాళ్ళతో, ఒక కత్తెరతో వరండాలోకి వచ్చారు. పేరిందేవి గారు కుర్చీలోంచి లేచి, శీతాకాలం ఇంకా ప్రారంభం కాలేదు కదా అన్నారు.

"అందుకే వచ్చానమ్మా," అన్నారు కామేశం గారు. "వచ్చాక వస్తే ఆలస్యం. రాకముందు అన్నది తమరి నిర్వచనంతో మరీ స్పష్టమైపోయింది."

సలహాదారు గారి మొక్కలే ముందుగా స్వాధీనం చేసుకుంటే మిగతావాళ్ళకు ఆదర్శంగా ఉంటుందని అధ్యక్షుల వారి ఉద్దేశం. పేరిందేవి గారు కనీసం ఒక్క పిలకైనా ఉంచమని అడగబోయారు. కామేశం గారు విచారంగా తల ఊపి, పిలకలతో సహా అన్న చోట వేలు పెట్టి చూపించారు. అక్షరాలు ఆవిడవే. చాలా గుండ్రని అక్షరాలు.

గంధపు చామంతిని మొగ్గలతో సహా నాలుగు వేళ్ళ ఎత్తుకు కత్తిరించారు. కోసిన తలలను, కాలనీలోని మిగతా అన్ని చామంతుల తలలతో పాటు, రిక్షా బండి మీద వేసుకుని హాలు వెనక్కి తీసుకుపోయారు. అక్కడ బోదె కాలువ పూడిక తీసి గట్టున పోసిన ఒండ్రు ఉంది. చెత్త అక్కడే పడెయ్యడం అలవాటు. ఈ సంగతిని అప్పుడెవరూ పట్టించుకోలేదు. పేరిందేవి గారైతే ఆ వైపు చూడను కూడా చూడలేదు. ఆవిడ చూపంతా సెల్లారు మెట్లు దిగుతున్న కుండీ మీదే ఉంది.

సంఘం కార్యాలయం గోడకు ఒక ఉష్ణమాపకం వేలాడదీశారు. గవర్రాజు గారు రోజూ తెల్లవారగానే మంకీ క్యాపు పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని దాన్ని తనిఖీ చేసేవారు. ఆ టోపీ చూసినవాళ్ళకు శీతాకాలం వచ్చిందనే అనిపించేది. ఉష్ణమాపకానికి మాత్రం అనిపించలేదు. అది ఇరవై దగ్గర కూర్చుంది, మార్గశిరంలో పద్దెనిమిదికి దిగింది, అక్కడినుంచి కదలనంది. కాలనీ ఆడవాళ్ళు మార్గశిర లక్ష్మివారాల పూజకు బజారులో చామంతులు కొనుక్కుంటున్నారు. కొనుక్కున్న ప్రతిసారీ మంగతాయారు మూర పూలు పేరిందేవి గారి కిటికీ దగ్గర ఎత్తి చూపించి మరీ ఇంట్లోకి వెళ్ళేది.

పేరిందేవి గారికి సెల్లారు దర్శనానికి ఒకసారి అనుమతి దొరికింది. లోపల షామియానా గుంజలూ మడత కుర్చీలూ వాటి మధ్య కాలనీ చామంతులూ ఉన్నాయి. డెల్టా నేల కాబట్టి గోడలు చెమ్మగిల్లి కారుతున్నాయి. ఆవిడ మొక్క మోడు నుంచి తెల్లని చివురొకటి పుట్టి, దారంలా సాగి, గోడ పైన ఉన్న వెంటిలేటరు వైపు మెడ చాచింది. వెలుతురు లేని మొక్క అలా ఎందుకు సాగుతుందో ఆవిడ ఎన్నోసార్లు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పి ఉన్నారు. బొమ్మలో అది చాలా స్పష్టంగా ఉండేది. ఇక్కడ చూడలేకపోయారు. పిలకలు కుళ్ళకముందే దాన్ని బయటికి తేకపోతే తన జీవితంలో జరిగిన ఒకే ఒక పరిశోధన షామియానా గుంజల మధ్య ముగిసిపోతుంది.

ఆవిడ తిన్నగా గవర్రాజు గారి దగ్గరికి వెళ్ళి, ఐదు డిగ్రీలను పద్దెనిమిదిగా సవరించమని అడిగారు. నిర్వచనాలు సవరించే అధికారం సర్వసభ్య సమావేశానిది, అది ఉగాది దాటాక గాని జరగదు, అని ఆయన బాధపడ్డారు. పైగా ఆ నిర్వచనంలో మార్చవలసినదేదీ ఆయనకు కనబడలేదు. అంత చక్కటి నిర్వచనం తన సర్వీసులోనే చూడలేదన్నారు.

కామేశం గారు ఈ చిక్కుకు కోర్టు పద్ధతిలో పరిష్కారం వెతికారు. శీతాకాలం పిలిచినా హాజరు కావడం లేదు కాబట్టి దానికి ఒక నోటీసు ఇవ్వాలి. ప్రతివాది చిరునామా తెలియదు కనుక గోడకు అంటించాలి. అలాగే చేశారు. ఫలానా తేదీలోగా కాలనీ పరిధిలో హాజరు కానియెడల తగు చర్య గైకొనబడునని రాసిన కాగితం గేటు స్తంభం మీద, తల్లికుక్క పడుకునే చోటుకు కాస్త పైన, అంటించారు. గడువు ముగిసింది. శీతాకాలం రాలేదు. ఎదుటి పక్షం లేకుండానే శీతాకాలం ముగిసినట్టు తీర్పు చెప్పేద్దామని కామేశం గారన్నారు. మొదలు కానిదాన్ని ముగిసిందనడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని గవర్రాజు గారు అన్నారు. ఆయన మనస్సాక్షి ఎప్పుడూ క్రమ సంఖ్య ప్రకారం పనిచేస్తుంది.

అప్పుడు గవర్రాజు గారికే ఒక ఆలోచన తట్టింది. శీతాకాలం తనంతట తాను రాకపోతే రప్పించాలి. మెయిన్ రోడ్డు మీద ఐసు ఫ్యాక్టరీ ఉంది. దాని యజమాని సత్తిబాబును పిలిపించారు. అతను సంగతంతా విని, కాసేపు అధ్యక్షుల వారి మంకీ క్యాపు వైపు చూశాడు.

"రొయ్యలకి తప్ప చలికాలం ఎవరికీ ఇవ్వలేదండి మేస్టారూ ఇప్పటిదాకా," అన్నాడు. "మీకు ఏ సైజు కావాలండి?"

పుష్యం ప్రవేశించడానికి ముందురోజు, కార్యవర్గ సభ్యులందరి సమక్షంలో, రొయ్యల ట్రేలో పొడి చేసిన ఐసు నింపి, అందులో ఉష్ణమాపకం గుచ్చారు. నీచు వాసన గుప్పుమంది. పాదరసం దిగడం మొదలుపెట్టింది. పదిహేను. పది. ఆరు. గవర్రాజు గారు ఊపిరి బిగబట్టారు. కామేశం గారు కలం మూత తీశారు. ఐదు దాటి మూడుకు దిగింది. కింద సెల్లారులో గంధపు చామంతి పిలకల్లో ఆనాటికి ఇంకా ప్రాణం ఉంది. పేరిందేవి గారు చెయ్యవలసిందల్లా మాట్లాడకుండా ఉండడం.

ఆవిడ ప్రయత్నించలేదని అనలేం. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు కూడా. కాని విద్యార్థుల తప్పుడు ప్రయోగాలు చూస్తూ ఊరుకోని అలవాటు, మొక్క మీద మమకారం కంటే పాతది.

"అది ఐసు ఉష్ణోగ్రత," అన్నారు పేరిందేవి గారు. "నిర్వచనంలో ఉన్నది గాలి ఉష్ణోగ్రత."

కామేశం గారు కలం మూత పెట్టేశారు. గవర్రాజు గారు ఆవిడకు చేతులెత్తి నమస్కరించి, సంఘం ఒక ఘోరమైన పొరపాటు నుంచి బయటపడిందని అన్నారు. సత్తిబాబు ట్రే ఎత్తుకుని, మేడంగారు మనవైపు మనిషేనా అని గుమ్మం దగ్గర వాకబు చేసి వెళ్ళిపోయాడు.

గాలే కావాలంటే ఐసు ఫ్యాక్టరీలో రొయ్యలు నిలవ ఉంచే చల్లగది ఉంది. అందులో గాలి సున్నాకు కూడా దిగుతుంది. కాని ఆ గది కాలనీ పరిధిలో లేదు. పరిధుల విషయం వచ్చేసరికి గవర్రాజు గారికి పాత ఉత్సాహం పుట్టుకొచ్చింది. సర్వీసులో ఆయన ఊళ్ళనే ఒక మండలంలోంచి ఇంకో మండలంలోకి మార్చి ఉన్నారు. చామంతుల అవసరం మేరకు, తాత్కాలికంగా, సత్తిబాబు చల్లగదిని కాలనీలో కలుపుతూ తీర్మానం సిద్ధం చేశారు. అయితే పుష్యం శూన్యమాసం, కొత్త ప్రాంతాన్ని కలుపుకోవడం లాంటి శుభకార్యం అందులో తగదని కామేశం గారు గుర్తుచేశారు. మాఘం వచ్చేదాకా ఆగారు. పైన మనుషులు ఆగారు గాని, కింద చెమ్మ ఆగలేదు.

మాఘంలో ఒక ఉదయం ఇద్దరు పెద్దమనుషులూ శాలువాలు కప్పుకుని చల్లగదిలోకి వెళ్ళారు. ఉష్ణమాపకం ఐదుకు దిగగానే కాలనీలో శీతాకాలం ప్రారంభమైనట్టు గవర్రాజు గారు పళ్ళు కొట్టుకుంటూ ప్రకటించారు. బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు. సత్తిబాబు తెప్పించిన టీ చల్లారేలోపు పది దాటింది. శీతాకాలం ముగిసింది. ఈ ఏడు అది కొంచెం తొందరగా పోయిందని కామేశం గారన్నారు. గవర్రాజు గారికి నిజంగానే రొంప పట్టింది. ఆయన దాన్ని సాక్ష్యంగా దాచుకోదలచినట్టు చాలా రోజులు మందు వేసుకోలేదు.

సెల్లారు తెరిచారు. బూజు వాసన. కుండీలు వరసగా పైకి వచ్చాయి, ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. గంధపు చామంతి మోడును పేరిందేవి గారు వేలితో తాకితే అది తడి కాగితంలా విడిపోయింది. మట్టిని వేళ్ళతో కెలికి చూశారు. పిలకలు కుళ్ళి నల్లగా ఉన్నాయి. శాస్త్రీయంగా చూస్తే ఇందులో అర్థం కానిదేమీ లేదు. చీకటి, చెమ్మ, శిలీంధ్రం. దానికి ముందు చల్లగది, దానికి ముందు గాలి ఉష్ణోగ్రత, దానికి ముందు ఐదు డిగ్రీలు, దానికి ముందు తను. గొలుసులో ఒక్క లంకె కూడా తప్పిపోలేదు. ఇంత పరిపూర్ణమైన కార్యకారణ సంబంధం తన సిద్ధాంత గ్రంథంలో కూడా నిరూపించలేకపోయానని ఆవిడకు తోచింది. నవ్వు రాబోయి, రాలేదు.

కుండీని పనివాళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. తనే మోసుకుంటూ, మట్టి పారబొయ్యడానికి హాలు వెనక్కి వెళ్ళారు.

బోదె గట్టున ఒండ్రు మీద చామంతి తోట ఉంది.

పచ్చవి, తెల్లవి, వంగపండు రంగువి. జానెడు ఎత్తున, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గట్టు కనబడకుండా పూసి ఉన్నాయి. కార్తీకంలో కోసి పారేసిన తలలన్నీ తడి ఒండ్రులో పడి, మంచుకు తడిసి, వేళ్ళు వేసుకుని, మోస్తున్న మొగ్గల్ని నిదానంగా విప్పుకున్నాయి. చామంతి కొమ్మ తడిమట్టిలో పడితే వేరు తొడుగుతుందని పేరిందేవి గారికి తెలుసు. మూడు వ్యాసాలు రాశారు దాని మీద. ఆ వ్యాసాలు గుర్తుకు రావడానికి ఆవిడకు చెత్తకుప్ప కావలసి వచ్చింది.

ఆవిడ చెప్పులు విడిచి ఒండ్రులోకి దిగారు. పచ్చవాటినీ తెల్లవాటినీ పక్కకు తొలగిస్తూ వెతికారు. చాలాసేపటికి, పగిలిన కూజా పెంకు పక్కన, ఒకటే ఒక్కటి కనిపించింది. రూపాయి బిళ్ళంత పువ్వు. గంధం రంగు. ఆవిడ వంగి, రెండు చేతులతో మట్టి ముద్దతో సహా దాన్ని తీసి, కుండీలో పెట్టుకుంటుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. మంగతాయారు వంటింటి చెత్త బుట్టతో నిలబడి ఉంది.

"అంత చదువు పెట్టి కాపాడితే చచ్చింది, పారేస్తే బతికింది," అంది మంగతాయారు. బుట్ట కింద పెట్టి, "కాళ్ళు కడుక్కోండి అక్కయ్యగారూ, జారతారు," అని చెయ్యి అందించింది.

ఇంటికి వచ్చే దారిలో మంగతాయారు ఒక్కటే కోరింది. ఇకమీద ఏ సమావేశంలోనూ నోరు విప్పనని ఆ మొక్క మీద ఒట్టు వెయ్యమంది. పేరిందేవి గారు మట్టి చేతిని కుండీ అంచు మీద పెట్టి ఒట్టు వేశారు. నోరు విప్పడమంటే ప్రశ్న అడగడం కూడా అందులోకి వస్తుందా అని అడగాలనిపించింది గాని, అడగలేదు. అదే తన సంస్కరణకు మొదటి మెట్టని ఆవిడ సంతోషించారు.

గట్టున పూసిన చామంతుల వార్త కార్యవర్గానికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అధ్యక్షులూ కార్యదర్శీ ముక్కు తుడుచుకుంటూ ఒకరూ, పంచె ఎగగట్టి ఒకరూ వచ్చి తనిఖీ చేశారు. ఇవి అనధికార మొక్కలా కావా అన్న చర్చ కొంత జరిగింది. చివరికి గవర్రాజు గారు ఇది సంఘం సాధించిన విజయమని తేల్చారు. కత్తిరించమని ఆదేశించింది సంఘం, కత్తిరించిన దాన్ని పారవేసినది సంఘం, పారవేసినవి పూశాయి. తప్పు ఎక్కడైనా జరిగి ఉంటే అది మొక్కలో సెల్లారుకు పంపిన భాగంలో జరిగింది.

ఉగాది దాటాక సర్వసభ్య సమావేశం జరిగింది. పేరిందేవి గారూ మంగతాయారూ ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చున్నారు. ముందుజాగ్రత్తగా మంగతాయారు ఆవిడ మణికట్టు పట్టుకుని ఉంది. గవర్రాజు గారు గంభీరంగా లేచారు.

"గత సంవత్సర అనుభవాన్ని పురస్కరించుకొని," అని చదివారు, "కాలనీలోని యావత్తు చామంతులను రానున్న కార్తీకమాసమున విధిగా కోసి, హాలు వెనుక గట్టున పారవేయవలెనని ఇందుమూలముగా తీర్మానించడమైనది. ఎవరికైనా అభ్యంతరములున్నవా?"

ఎవరికీ లేవు. కామేశం గారు నమోదు చేసుకోవడానికి కలం మూత తీశారు. ఫ్యాను తిరుగుతోంది. పేరిందేవి గారు కళ్ళు మూసుకుని గంధపు చామంతిని తలుచుకున్నారు. వరండాలో అది కొత్త పిలకలు వేస్తోంది. మాట్లాడకుండా ఉంటే చాలు. కార్తీకానికి ముందు నాలుగు పిలకలు పక్కన దాచుకోవచ్చు, ఈసారి పిలకలతో సహా అని ఎవరూ రాయలేదు. అంతా బాగానే ఉంది. తీర్మానంలో ఒక్క మాట తప్ప. పారవేయవలెను. అలా ఊరికే రాస్తే ఎలా? మెల్లగా వదిలిన కొమ్మ ఒకలా పడుతుంది, విసిరిన కొమ్మ ఒకలా పడుతుంది. పడిన తీరును బట్టి కణుపు మట్టికి తగలడం, దాన్ని బట్టి వేరు రావడం. మంగతాయారు పట్టు బిగించింది. గవర్రాజు గారు కూర్చోబోతున్నారు.

"ఎంత ఎత్తు నుంచి?" అన్నారు పేరిందేవి గారు.

గవర్రాజు గారి కళ్ళు మళ్ళీ చెమర్చాయి. సలహాదారు గారు అతి ముఖ్యమైన లోపాన్ని ఎత్తిచూపారనీ, ఎత్తు నిర్ధారించే బాధ్యత వారికే అప్పగిస్తున్నామనీ, ప్రయోగాన్ని వారి మొక్కతోనే మొదలుపెడితే ఆదర్శంగా ఉంటుందనీ ఆయన అంటూ ఉండగానే, మంగతాయారు మణికట్టు వదిలేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా లేచి బయటికి వెళ్ళిపోయింది.

పేరిందేవి గారు ఇల్లు చేరేసరికి వరండాలో కుండీ ఉన్నచోట గుండ్రని తడి మచ్చ మాత్రం ఉంది. గంధపు చామంతి ఇప్పుడు పక్కింటి వంటగది కిటికీలో ఉంటోంది. రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని చూసి రావడానికి పేరిందేవి గారికి మంగతాయారు అనుమతి ఇచ్చింది. చూడడానికే, మాట్లాడడానికి కాదు.